వేగం అడగని రథం

కఠోపనిషత్తులో యముడు నచికేతుడి ముందు ఒక రథాన్ని నిలబెట్టాడు. శరీరం రథం. అందులో కూర్చున్నది ఆత్మ. బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, లోకంలోని విషయాలు ఆ గుర్రాలు పరుగెత్తే దారులు. తెలుగునాట ఏ ప్రవచనానికి వెళ్లినా ఈ రథం ఎప్పుడో ఒకప్పుడు వేదిక మీదికి వస్తుంది. చెప్పేవారు ఎక్కువసేపు గుర్రాల దగ్గరే ఆగుతారు. అవి పెంకివైతే ఏమవుతుంది, పగ్గం ఎంత బిగించాలి, సారథి నిద్రపోతే గతి ఏమిటి అని. నన్ను ఆపేది అక్కడ లేని మాట. రథం ఎంత వేగంగా పోవాలో యముడు చెప్పలేదు. వివేకం గల సారథి ఉన్నవాడు దారి చివర విష్ణుపదాన్ని చేరతాడన్నాడు గాని, త్వరగా చేరతాడనలేదు. తొందరపెట్టే హక్కంటూ ఎవరికైనా ఉంటే అది మృత్యువుకే ఉండాలి. ఆయనే తొందరపెట్టలేదు.

ఆ మౌనాన్ని ఈ కాలంలో సరిగ్గా పట్టుకున్నవాళ్లు, ఉపనిషత్తు పేరు కూడా బహుశా విని ఉండని కొందరు సైకిలువాళ్లని నా అభిప్రాయం. వాళ్ల ఊరు అమెరికాలోని డెట్రాయిట్. 2010లో జేసన్ హాల్, మైక్ మెకూల్ అనే ఇద్దరు స్నేహితులు కొద్దిమందిని కూడగట్టుకుని సోమవారం సాయంత్రాలు ఊళ్లో మెల్లగా సైకిళ్లు తొక్కుతూ తిరగడం మొదలుపెట్టారు. దానికి స్లో రోల్ అని పేరు. ఒక్కో వారం ఒక్కో చోట నుంచి బయల్దేరతారు, ఓ పది పన్నెండు మైళ్లు తిరుగుతారు, మళ్లీ బయల్దేరిన చోటికే వస్తారు. గెలిచేవాడు లేడు, గడియారం లేదు. నాలుగైదేళ్లు గడిచేసరికి ఆ సాయంత్రాలకు వేలమంది రావడం మొదలైంది.

అందులో అన్నిరకాల సైకిళ్లూ ఉంటాయి. చూపును లాగేవి మాత్రం క్లబ్బులవాళ్లు సొంతంగా కట్టుకున్న చాపర్లు, క్రూయిజర్లు. క్రూయిజర్‌కు బొద్దు టైర్లు, వెడల్పాటి హ్యాండిలు, వెన్ను నిటారుగా నిలిపే సీటు, సాధారణంగా ఒకే గేరు, పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు. చాపర్‌కు ముందు ఫోర్కు బారెడు పొడవు. ముందు చక్రం ఎక్కడో ఉంటుంది, హ్యాండిలు భుజాల ఎత్తున ఉంటుంది, సీటు కిందికి దిగి వెనక చక్రం దగ్గర ఉంటుంది. పాత ఫ్రేములు కోసి, గొట్టాలు చేర్చి, వెల్డింగు పెట్టి, రంగులు పూసి, దీపాలూ స్పీకర్లూ బిగిస్తారు. కొన్నింటి పొడవు చూస్తే ఇవి మలుపు ఎలా తిరుగుతాయా అని అనుమానం వస్తుంది. తిరుగుతాయి, రోడ్డంతా కావాలి.

ఈ పని డెట్రాయిట్‌లో జరగడంలోనే సగం అర్థం ఉంది. లోకానికి వేగం మప్పిన ఊరది. 1896 జూన్ 4 తెల్లవారుజామున హెన్రీ ఫోర్డ్ తన మొదటి బండిని అక్కడే ఒక షెడ్డులోంచి బయటికి తీశాడు. తలుపు వెడల్పు చాలక గోడ ఇటుకలు పగలగొట్టాల్సి వచ్చింది. ఆ బండి నాలుగు చక్రాలూ సైకిలు చక్రాలే. డాడ్జ్ సోదరులు కార్లకంటే ముందు సైకిళ్లు తయారుచేశారు. మంచి రోడ్లు వెయ్యమని అమెరికాలో గట్టిగా అడిగిన తొలితరంలో సైకిలు సంఘాలవాళ్లున్నారు. మిచిగన్ రాష్ట్రానికి 1905లో మొదటి రహదారుల కమిషనరైన హొరేషియో అర్ల్ ఆ సంఘాల్లో ఎదిగినవాడే. 1913లో ఊరి నడుమనున్న హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను వచ్చింది. పన్నెండు గంటలకు పైగా పట్టే కారు బిగింపు కొద్దికాలంలోనే గంటన్నరకు దిగింది. సైకిలు కడుపున పుట్టిన కారు సైకిలునే రోడ్డు మీంచి తోసేసింది.

తర్వాతి కథ తెలిసిందే. 1950లో 18 లక్షలు దాటిన ఊరి జనాభా 2010 నాటికి ఏడు లక్షలకు పడిపోయింది. 2013లో నగరపాలన దివాలా ప్రకటించింది. కార్ల కోసం వేసిన విశాలమైన రోడ్లు మిగిలాయి, వాటిని నింపే కార్లు మిగల్లేదు. కర్మఫలమనే మాటను నేను ఊళ్లకు వాడను. అక్కడ దెబ్బతిన్నవాళ్లు వేగాన్ని అమ్ముకుని లాభపడ్డవాళ్లు కారు. అయినా రజోగుణం తన పని ముగించుకుని వెళ్లిపోయాక ఎలాంటి చోటు మిగులుతుందో చూడాలంటే ఆ రోడ్లు చూడాలి. ఆ ఖాళీలోకే ఈ సైకిళ్లు వచ్చాయి.

చాపర్ సైకిలు పుట్టుక గురించీ రెండు మాటలు. 1960ల మొదట్లో దక్షిణ కాలిఫోర్నియా పిల్లలు చిన్న సైకిళ్లకు ఎత్తు హ్యాండిళ్లు, పొడుగు సీట్లు తగిలించుకుని తిరుగుతున్నారని షికాగోలోని ష్విన్ కంపెనీలో ఆల్ ఫ్రిట్జ్‌కు కబురందింది. 1963లో ఆయన స్టింగ్‌రే సైకిలు తెచ్చాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు బ్రిటన్‌లో ర్యాలీ కంపెనీ చాపర్ అనే పేరుతోనే ఒకటి అమ్మింది. అక్కడి పిల్లలు ఎగబడ్డారు. వేగం పెంచితే దాని ముందుభాగం వణికేదన్న పేరు ఇప్పటికీ ఉంది. లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ మూలాల కుర్రవాళ్లు కార్లను నేలకు దించి, తళతళలాడించి, నిదానంగా నడపడాన్ని ఒక సంప్రదాయంగా పెంచారు. అదే అలంకారం సైకిళ్లకూ ఎక్కింది. అలా కార్లను ఊరికే మెల్లగా తిప్పడాన్ని కాలిఫోర్నియాలో కొన్ని ఊళ్లు నిషేధించాయి. ఆ నిషేధాలను రాష్ట్రమంతటా రద్దుచేసిన చట్టం 2024 జనవరి 1న గాని అమల్లోకి రాలేదు. తొందరలో ఉన్నవాడికి ఎదుటివాడి నిదానం నేరంగానే కనిపిస్తుంది కాబోలు.

ఇక లోపలి అర్థం. సైకిలు మీద కఠోపనిషత్తు రథం బాగా చిన్నదవుతుంది. గుర్రాలు లేవు, లాగేవి మన కాళ్లే. సారథి వేరే లేడు. ఇంద్రియాలతోనూ మనసుతోనూ కూడినవాణ్ణి ఉపనిషత్తు భోక్త అంది. ఇక్కడ ఆ భోక్తే లాగుతున్నాడు, నడుపుతున్నాడు, చెమటపడుతున్నాడు. తప్పును గుర్రాల మీదికి నెట్టే అవకాశం అతనికి లేదు. సాధకుడికి ఇంతకంటే నిజాయితీ గల వాహనం దొరకదు.

వేగంగా పోయే సైకిలు చాలావరకు తనంతట తానే నిలబడుతుంది. తగిన వేగం మీద మనిషి లేకుండా వదిలేసినా కొంతదూరం పడకుండా పోతుంది. ఎందుకలా అన్నది నూరేళ్లకు పైగా శాస్త్రజ్ఞులు తర్కించిన ప్రశ్న. తిరిగే చక్రానికుండే గైరోస్కోపు గుణం ఒక కారణమని చెబుతూ వచ్చారు. 2011లో అమెరికా, నెదర్లాండ్స్ పరిశోధకులు కొందరు ఆ గుణాన్ని రద్దుచేసిన సైకిలొకటి కట్టి, అది కూడా తనంతట తాను నిలబడుతుందని సైన్స్ పత్రికలో చూపించారు. ఇన్ని వాదాల్లోనూ చెక్కుచెదరని విషయం ఒకటుంది. సైకిలు ఎటు పడబోతే చక్రం అటే తిరగాలి. కుడికి ఒరిగితే కుడికే తిప్పాలి. అప్పుడే చక్రాలు మళ్లీ బరువు కిందికి వచ్చి చేరతాయి. వేగంలో ఈ పని సైకిలే చేసుకుంటుంది. వేగం తగ్గేకొద్దీ అది తొక్కేవాడి మీద పడుతుంది. చాపర్ మీద ఇంకా ఎక్కువ. ఫోర్కు అంత వాలుగా ఉండటంవల్ల హ్యాండిలు కాస్త తిప్పగానే ముందుభాగం తన బరువుకు తానే ఇంకా పక్కకు ఒరగాలని చూస్తుంది. చేతులు దాన్ని పట్టుకునే ఉండాలి.

అంటే వేగం ఇచ్చే నిలకడ అరువు సొమ్ము. మన జీవితంలోనూ ఇది నిజం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ దిటవుగా ఉన్న మనిషి పదవీ విరమణ అయిన మొదటి నెలలోనే ఎలా తూలిపోతాడో చూడని ఇల్లుందా? అంతకాలం అతన్ని నిలబెట్టింది అతని గుణం కాదని, పరుగు అని అప్పుడు బయటపడుతుంది. జపంలోనూ ఇంతే. మాల చకచకా తిరుగుతున్నంతసేపు మనసు నిలిచినట్టే ఉంటుంది. ఒక్కో నామాన్నీ తాపీగా పలకమంటే ఏదో ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగినప్పుడు మనం చేసే మొదటి పని ఎదురువైపుకు లాగడం. కోపం వస్తే శాంతమంత్రం అందుకోవడం, భయం వస్తే ధైర్యవచనాలు చదవడం. సైకిలు నేర్చుకునే పిల్లవాడు చేసేదీ అదే, అందుకే పడతాడు. కోపం వైపుకే చూపు తిప్పి అది ఎక్కణ్ణుంచి లేస్తోందో చూస్తే బరువు కిందికి ఆధారం వచ్చి చేరుతుంది. వేదాంతులు సాక్షిభావమని చెప్పేది వినడానికి మహా దూరంగా ఉంటుంది. హ్యాండిలు పట్టుకున్న చేతికి అది తెలిసిన విద్యే.

ఇక్కడ ఒక పెద్ద సందేహం రావాలి. నిదానమని ముద్దుగా పిలుచుకుంటున్నది బద్ధకమేమో? గీత పద్దెనిమిదో అధ్యాయంలో తామస కర్త లక్షణాల్లో దీర్ఘసూత్రి అనేది ఒకటి. ప్రతి పనినీ సాగదీసి రేపటికి నెట్టేవాడని అర్థం. ఈ కాలంలో నిదానాన్ని పొగిడే పుస్తకాలు, విడిది కేంద్రాలు చాలా వచ్చాయి. వాటిలో ఎక్కువభాగం తమోగుణానికి సత్త్వం బట్టలు తొడిగినవేనని నా అనుమానం. సైకిలు మీద మాత్రం ఆ మోసం నడవదు. మెల్లగా పోతూ పరాకుగా ఉంటే పడిపోతాం. మన బడుల్లోనూ పండగ ఆటల్లోనూ పెట్టే స్లో సైకిల్ పందెం చూసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. చివర వచ్చినవాడు గెలుస్తాడు, కాలు నేలకు తగిలిందా ఆట నుంచి వెళ్లిపోతాడు. అందులో గెలిచే పిల్లవాడి ముఖం చూడండి. ఆ మైదానం మొత్తంలో అంత మెలకువగా ఉన్న ముఖం ఇంకొకటి కనిపించదు. బద్ధకస్తుడు మొదటి పది గజాల్లోనే కాలు పెడతాడు.

అయితే ఆ పిల్లవాడు బిగుసుకుని ఉంటాడు. సోమవారం సాయంత్రం క్రూయిజర్ మీద కూర్చున్నవాడు బిగుసుకోకూడదు, గంటన్నర తొక్కాలి. పతంజలి ఆసనానికి రెండే లక్షణాలు చెప్పాడు, స్థిరంగా ఉండాలి, సుఖంగా ఉండాలి. ఆ వెంటనే అది ఎలా సిద్ధిస్తుందో చెబుతూ ప్రయత్నాన్ని సడలించమన్నాడు. యోగమంటే వళ్లు విరుచుకోవడమని అనుకునేవారు ఆ సూత్రాన్ని దాటేస్తారు. పందెపు సైకిలు మనిషిని ముందుకు వంచుతుంది, గాలిని చీల్చమంటుంది, చూపును పదడుగుల రోడ్డుకు కుదిస్తుంది. క్రూయిజర్ అతని వెన్ను నిలబెట్టి, భుజాలు దించి, కళ్లను ఇళ్ల అరుగుల ఎత్తుకు తెస్తుంది. ప్రయత్నం ఉంది, పెడలు తిరుగుతూనే ఉంది. సడలింది మాత్రం ప్రయత్నం వెనకున్న పట్టు.

చక్రం మాటకు వస్తే, రథచక్రపు నాభిలో ఆకులన్నీ చేరినట్టు సమస్తమూ ప్రాణంలో చేరి ఉందని ప్రశ్నోపనిషత్తు భావం. ముండకంలోనూ ఆ పోలిక ఉంది. ఋషులు చూసినది కొయ్య చక్రం. అందులో కింద ఉన్న ఆకు బరువును మోస్తుంది, నొక్కుడుకు తట్టుకుంటుంది. సైకిలు చక్రంలో సన్నని తీగ స్పోకులకు నొక్కుడు తట్టుకునే బలం లేదు, నొక్కితే వంగిపోతాయి. అవి బిగిసి నాభి వైపుకు లాగుతూ ఉంటాయి. చుట్టూ ఉన్నవన్నీ ఒకే కేంద్రం వైపుకు సమానంగా లాగుతున్నందువల్లే అంచు గుండ్రంగా నిలుస్తుంది. ఒక్కటి వదులైతే చక్రం వంకర తిరుగుతుంది. ఋషికి ఈ చక్రం దొరికి ఉంటే ఆ మంత్రానికి ఇంకో పొర చేరేది. లోకం దేవుణ్ణి మొయ్యక్కర్లేదు, ఆయన వైపుకు లాగబడుతూ ఉంటే చాలునన్న భక్తిమార్గం ఆ తీగల్లో ఉంది.

ఈ తీగల దగ్గరే అలంకారం ప్రశ్న కూడా వస్తుంది. మామూలు సైకిలు చక్రానికి ముప్పై ఆరు స్పోకులు సరిపోతాయి. అలంకారపు సైకిళ్లకు 144 బిగించేవాళ్లున్నారు. బరువు పెరుగుతుంది, తుడవడానికే పూట పడుతుంది, ప్రయాణానికి వీసమంత లాభం లేదు. ఇది అహంకారం కాదా? కొంత అవును. నలుగురూ తిరిగి చూడాలనే కోరిక లేకుండా ఎవరూ ఎనిమిది అడుగుల సైకిలు కట్టరు. కాని మన ఆలయాల్లో ఉత్సవమూర్తికి చేసే అలంకారాన్ని తలుచుకోండి. శేషవాహనానికి అన్ని తలలెందుకు, గరుడవాహనానికి అంత బంగారమెందుకు? ప్రయోజనం లేకపోవడమే ఉపచారం లక్షణం. చెత్తలో పడ్డ ఫ్రేమును తెచ్చి, తుప్పు గీకి, నెలల తరబడి సాయంత్రాలు ధారపోసి, దాన్ని వీధిలోకి తెచ్చి అందరి కళ్లకూ అప్పగించినప్పుడు, నాది అన్న మాట పూర్తిగా పోదు గాని పలచబడుతుంది. అలంకరించుకున్న సైకిలు వేగంగా పోతే చూసేవాడికేమీ దక్కదు. ఉత్సవం మెల్లగా సాగేది కూడా గడప దగ్గర నిలబడ్డ ముసలివాళ్ల కోసమే. డెట్రాయిట్ పేటల్లో గుంపు పోతుంటే జనం అరుగుల మీదికి వచ్చి చేతులూపుతారు.

గుంపు ధర్మం వేరు. ఒంటరిగా ఎంత నిదానమైనా అది నా నిదానం, నాకు నచ్చిన వేగం. గుంపులో వేగాన్ని నిర్ణయించేది అందరికంటే వెనక ఉన్నవాడు. పిల్లను వెనక సీటు మీద కూర్చోబెట్టుకున్న తల్లి కావచ్చు, మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన కావచ్చు. ముందున్న బలశాలి తన బలాన్ని ఆపుకోవాలి. శమం, దమం అనే మాటలను నేను చాలా వ్యాఖ్యానాల్లో చదివాను. కాళ్లలో సత్తువ ఉండి, ముందర రోడ్డు ఖాళీగా ఉండి, పెడలు మీద పాదం ఆపుకోవడమంత సులభంగా వాటిని ఏ వ్యాఖ్యానమూ చూపదు. కూడలి వచ్చినప్పుడు కొందరు సేవకులు సైకిలు అడ్డంగా నిలిపి, ఆఖరి మనిషి దాటేదాకా కార్లను ఆపుతారు. ఊరంతా తనను దాటి పోతుంటే కదలకుండా నిలబడటం వాళ్ల వంతు. ఆ తర్వాత మళ్లీ గుంపును అందుకోవడానికి వాళ్లొక్కళ్లే వేగంగా తొక్కాలి. కర్మయోగానికి ఉదాహరణ అడిగేవారికి నేను జనకమహారాజు కంటే ముందు వీళ్లను చూపిస్తాను.

బయల్దేరిన చోటికే తిరిగి రావడంలో అర్థమేముందని అడిగేవాడు ప్రదక్షిణం ఎప్పుడూ చెయ్యనివాడై ఉండాలి. అరుణాచలం చుట్టూ 14 కిలోమీటర్లు నడిచే తెలుగువాళ్లు ఇప్పుడు ప్రతి పౌర్ణమికీ బస్సుల కొద్దీ వెళుతున్నారు. నిండుచూలాలైన రాణి నడిచినట్టు నడవాలని ఆ కొండ సంప్రదాయం. వేగంగా ముగించి, పట్టిన గంటలు లెక్కచెప్పేవారిని చూస్తున్నాను. ఆ సంప్రదాయం మాట వాళ్లకు ఎవరూ చెప్పలేదో, చెప్పినా విన్నారు కాదో. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు సింహాచలం కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు నడిచే పల్లెజనంలో ఆ లెక్కలు తక్కువ. ప్రదక్షిణంలో గమ్యం ముందు ఉండదు, పక్కన ఉంటుంది, అడుగడుగునా అంతే దూరంలో ఉంటుంది. అటువంటప్పుడు పరుగెత్తి దేన్ని అందుకుంటాం? డెట్రాయిట్ గుంపుకు పక్కన కొండ లేదు, దేవుడు లేడు. మూతపడ్డ ఫ్యాక్టరీలు, కొత్తగా వేసిన కూరగాయల మళ్లు, కాలిపోయిన ఇల్లు, దాని పక్కనే దీపం వెలుగుతున్న ఇల్లు ఉంటాయి. కారులో పోయేవాడికి ఇవి ఒక్క గీతగా కలిసిపోతాయి. మెల్లగా తొక్కేవాడికి ఒక్కొక్కటిగా ఎదురవుతాయి. ఎదురైనదాన్ని ఒక్కొక్కటిగా ఒప్పుకోవడం ఉపాసన కాదనడానికి నాకు ప్రమాణం దొరకలేదు.

చిన్న విషయాలను పెద్దవి చేసి చెబుతున్నానని కొందరికి అనిపించవచ్చు. స్లో రోల్‌కు పేరొచ్చాక 2014లో ఆపిల్ కంపెనీ తన ఐప్యాడ్ ప్రచారంలో జేసన్ హాల్‌ను చూపించింది. నిదానం కూడా సరుకే అయిందన్నమాట. వేలమంది వస్తే అందులో ఫొటోల కోసం వచ్చినవాళ్లే ఎక్కువ ఉండొచ్చు. మన కుంభమేళాలకూ ఇదే ఆక్షేపణ ఉంది. వరాహోపనిషత్తు శుకుడిది పక్షిమార్గమనీ వామదేవుడిది చీమమార్గమనీ రెండు దారులు చెబుతుంది. ఎగిరిపోగలవాళ్లు శుకుళ్లు, ఏ యుగంలోనూ ఇద్దరు ముగ్గురికి మించరు. మిగిలిన మనందరిదీ చీమల బారే. ఆ బారులో ఫొటోలు తీసుకునే చీమలూ ఉంటాయి, అవీ నడుస్తూనే ఉంటాయి.

ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ వంటి డెట్రాయిట్ శివార్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వారిలో ఎంతోమంది కార్ల కంపెనీల్లోనే ఇంజనీర్లు. వారికో మనవి. వేసవిలో ఒక సోమవారం కారును ఇంటి దగ్గరే వదలలేకపోతే దాని వెనక సైకిలు కట్టుకునైనా ఆ గుంపులోకి వెళ్లండి. మంచి సైకిలు అక్కర్లేదు, గరాజులో పిల్లలు వదిలేసింది చాలు. ముందు వరసలోకి పోకండి. అందరికంటే వెనక వస్తున్నవారెవరో చూసుకుని, వారి పక్కన తొక్కండి.